ముహూర్తం కుదరని పాస్‌వర్డు

పెళ్ళి సంబంధం వచ్చిందంటే మా కోనసీమవాళ్ళు చేసే వాకబు అంతా ఇంతా కాదు. అబ్బాయి మేనత్త కాపురం ఎందుకు చెడింది, తాతగారికి ఉబ్బసం ఎప్పటి నుంచి ఉంది, పక్కింటివాళ్ళతో ప్రహరీగోడ తగువు ఎంతదాకా వచ్చింది, అన్నీ కనుక్కుంటారు. పాలు పోసే మనిషిని అడుగుతారు, కొబ్బరికాయలు దింపే మనిషిని అడుగుతారు, చాలకపోతే ఆ ఊళ్ళో ఆటో ఎక్కి డ్రైవరును కూడా అడుగుతారు. అంత జాగ్రత్త తెలిసిన ఈ మనుషులే, ఫోనులో ఎవరో ‘నేనండి’ అంటే చాలు, పాస్‌వర్డు చెప్పేస్తారు. ఎవరండీ మీరు అని అడగరు. అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటారట.

ఇరవై ఏళ్ళుగా నేను ఈ ఒక్క విషయం మీదే గొంతు చించుకుంటున్నాను. ఉండేది అమలాపురంలో. చుట్టుపక్కల చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం, ఇంటి దగ్గర నుంచే ఆఫీసు కంప్యూటరు తెరిచి పనిచేసుకునే ఏర్పాటు చేసిపెట్టడం నా వృత్తి. ఏర్పాటు చేయడానికి ఎంతోసేపు పట్టదు. దానికి సరైన తాళం పెట్టించడమే నా వల్ల కావడం లేదు. కంప్యూటర్ మేడం గారికి ముక్కు మీద కోపమని పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు తగినదేనని నేనూ అనుకుంటూ వచ్చాను. కానీ నిజంగా కోపం రావలసిన రోజున నాకు రాలేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రాజోలులో ఒక రిటైరైన తెలుగు మాస్టారు పెళ్ళి సంబంధాలు చూసే ఆఫీసు నడుపుతున్నారు. ఆఫీసంటే ఆయన ఇంటి వీధి గదే. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు తిథులూ వర్జ్యాలూ వేసిన క్యాలెండరు, వచ్చినవాళ్ళకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కొత్తపేటలో ఒకావిడ, ఉప్పలగుప్తంలో ఒకాయన, మండపేటలో ఇద్దరు అన్నదమ్ములు, ఈ నలుగురు మధ్యవర్తులు ఆయనతో కలిసి పనిచేస్తారు. వాళ్ళు తమ ఇళ్ళ నుంచే ఈ కంప్యూటరులోకి లాగిన్ అయి అబ్బాయిల వివరాలు, అమ్మాయిల వివరాలు చూసుకుంటారు. మాస్టారితో కలిపి ఐదుగురు. ఐదుగురికీ లాగిన్ పేరు ఒకటే: ఆఫీసు. పాస్‌వర్డు కూడా ఒకటే: కళ్యాణమస్తు, ఇంగ్లీషు అక్షరాల్లో. వీధి గుమ్మం మీద బోర్డులో జానెడేసి అక్షరాలతో రాసి ఉన్న మాట కూడా అదే.

ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజునే చెప్పాను.

“మాస్టారండీ, ఐదుగురికీ ఐదు పేర్లు పెడదాం. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే. లాగిన్ అయ్యేటప్పుడు ఎవరి ఫోనుకి వాళ్ళకి ఒక కోడ్ వస్తుంది. అది కొడితేనే లోపలికి వెళ్ళగలరు. అప్పుడు ఎవరు ఎప్పుడొచ్చేరో, ఏం చూసేరో మీకు తెలుస్తుంది.”

“ఆయ్. తప్పకుండా చేద్దామమ్మా. మంచి మాట చెప్పేరు.”

మా గోదావరి ‘ఆయ్’ తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. అది ఒప్పుకున్నట్టే, అందులో అనుమానం లేదు. ఎప్పుడు అన్నది మాత్రం అందులో ఉండదు.

అది జ్యేష్ఠ మాసం చివర. వారం తర్వాత బస్సెక్కి మళ్ళీ వెళితే, “ఆషాఢం వచ్చేసింది కదమ్మా, కొత్త పని మొదలెట్టకూడదు” అన్నారు. శ్రావణంలో వెళితే గదిలో నిలబడడానికి చోటు లేదు. ఒకవైపు ముహూర్తాలు, ఒకవైపు ఫోన్లు, ఆయనకు నాతో మాట్లాడే తీరికే లేదు. భాద్రపదంలో వెళితే శూన్యమాసమన్నారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది.

“ఇదేమన్నా గృహప్రవేశమాండి, ముహూర్తం చూడ్డానికి? పాస్‌వర్డు మార్చడమండి.”

“మరేనమ్మా. కానీ ఇంతమంది పిల్లల జీవితాలు ఇందులో ఉన్నాయి కదా. అలాంటి దాన్ని ముట్టుకునేటప్పుడు మంచిరోజు చూసుకోవద్దా? విజయదశమికి పెట్టేద్దాం. మళ్ళీ వాయిదా లేదు.”

ఆయన ఆటలాడడం లేదు. ఆ కంప్యూటరులో ఉన్నది విలువైనదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. విలువైనది కాబట్టే తొందరపడి తాళం మార్చకూడదని ఆయన, విలువైనది కాబట్టే ఇవాళే మార్చాలని నేను. ఇక మాట ఎక్కడ కలుస్తుంది.

విజయదశమి నాడు పొద్దున్నే వెళ్ళాను. కంప్యూటరుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. కీబోర్డు మీద తమలపాకులో రెండు అరటిపళ్ళు ఉన్నాయి. మాస్టారు పట్టుపంచెలో ఎదురొచ్చి ప్రసాదం చేతిలో పెట్టారు. నేను కుర్చీ లాక్కోబోతుంటే ఆపారు.

“పూజలో పెట్టిన పనిముట్టు ఇవాళ వాడకూడదు కదమ్మా. మీకు తెలియందేముంది.”

ఆ పులిహోర ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తింటూ బస్టాండులో కూర్చుని తల బాదుకున్నదీ గుర్తుంది.

మధ్యవర్తులనైనా ఒప్పిద్దామని ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఉప్పలగుప్తం ఆయన, “ఆ కోడ్లూ గీడ్లూ మా వల్ల కాదండి. రొయ్యల చెరువు గట్టు మీద ఉంటాను, కళ్ళజోడు ఇంటి దగ్గరుంటుంది” అన్నారు. మండపేట అన్నదమ్ములు తమ్ముడు ఒప్పుకుంటే నేను ఒప్పుకుంటానని ఒకరు, అన్నయ్య ఒప్పుకుంటే నేను ఒప్పుకుంటానని ఒకరు. కొత్తపేట ఆవిడ గొంతు మాత్రం ఎంత తీయగా ఉంటుందో చెప్పలేను. నేను చెప్పిందంతా ఊఁ కొడుతూ విని, చివర్లో మెల్లిగా అడిగారు.

“అంటే మాస్టారు మమ్మల్ని అనుమానిస్తున్నారాండి?”

“అనుమానం కాదండి. మీ పేరుతో ఇంకెవరూ లోపలికి రాకుండా.”

“పదిహేనేళ్ళ నుంచి ఆ గుమ్మం తొక్కుతున్నానండి. ఏ రోజూ ఎవరమ్మా నువ్వు అని అడగలేదండి ఆయన. ఇప్పుడు రోజూ అడుగుతారాండి?”

నిజమే, నేను పెట్టమంటున్నది అదే. వచ్చిన ప్రతిసారీ ఎవరు నువ్వు అని అడగడం. తెలిసినవాళ్ళను కూడా అడగడం. మా వైపు తెలిసినవాళ్ళను అలా అడిగితే మనిషిని గుమ్మంలో నిలబెట్టినట్టే లెక్క. కంప్యూటరుకు కళ్ళు లేవు కాబట్టి దానికి తెలిసిన ముఖం, తెలియని ముఖం ఉండవని పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. “మీరు అలా కోప్పడకండి మేడం గారండీ, బీపీ వస్తుంది” అని ఆవిడ ఫోను పెట్టేశారు.

చివరికి నేనే ఒక మెట్టు దిగాను. దిగకుండా ఉండాల్సింది. అందరూ వాడే ఆ ఒక్క లాగిన్‌కే ఫోను కోడ్ తగిలించాను. అలా చేస్తే కోడ్ ఒక్క ఫోనుకే వస్తుంది. ఎవరి ఫోనుకు అంటే నలుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. తాంబూలమైనా శుభలేఖైనా మొదట పెద్దవారికే కదండీ, మాస్టారి ఫోనుకే రానివ్వండి అన్నారు. ఆయన అది గౌరవంగా పుచ్చుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరికి లాగిన్ కావాలన్నా మాస్టారికి ఫోను చేయడం, ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆరంకెలూ పద్యం చదివినట్టు చదవడం మొదలైంది. ఒకసారి నా ఎదురుగానే చదివి వినిపించారు. ఎవరికండీ అని అడిగాను. “మన మండపేటవాళ్ళనుకుంటానమ్మా. గొంతు కొంచెం జలుబు చేసినట్టుంది” అన్నారు.

నేను బిగించిన గడియ అది. బయట నిలబడ్డవాళ్ళు తలుపు కొట్టగానే లోపలున్న పెద్దాయనే మర్యాదగా లేచి తీస్తున్నారు. కొత్త పేర్లు మాఘమాసంలో పెట్టుకుందామని ఆయన, సరేనని నేను.

ఈలోగా కార్తీకంలో ఒక అమ్మాయి వచ్చింది.

ఆమెది అల్లవరం దగ్గర పల్లె. కువైట్‌లో నర్సుగా చేస్తోంది. ముప్పై రెండేళ్ళుంటాయి. నెల రోజుల సెలవు మీద వచ్చి, వెంట ఎవరూ లేకుండా ఒక్కతే మాస్టారి ఎదురుగా కూర్చుంది. నేను మూలన ప్రింటరు విప్పుకుని, వేళ్ళన్నీ నల్లగా చేసుకుని ఉన్నాను. నన్ను బయటకు పంపమని ఆమె అడగలేదు. కంప్యూటర్ ఆవిడే కదా అనుకుని ఉంటుంది.

ఇరవై నాలుగో ఏట ఆమెకు పెళ్ళయింది. నాలుగు నెలలు కూడా నిలవలేదు. అబ్బాయికి ఉన్న జబ్బు సంగతి దాచి చేశారు. విడాకులు తీసుకుని, కోర్సు పూర్తి చేసి, విమానమెక్కింది. ఇదంతా గొంతు తడబడకుండా చెప్పింది.

“ఈ సంగతి నేను దాచనండి మాస్టారూ. దాస్తే ఎలాగుంటుందో నాకు తెలుసండి. అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నా నోటితో నేనే చెప్తాను. అప్పటిదాకా మాత్రం మీ దగ్గరే ఉండాలండి.”

“ఆయ్. అలాగేనమ్మా” అంటూ మాస్టారు ఆమె వివరాల కింద ‘గమనిక’ అనే గడిలో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశారు. రాసి పెట్టుకోకపోతే మరిచిపోతానని ఆయన భయం. మరిచిపోయి, పట్టింపులున్న ఇంటికి పంపి పిల్లను బాధపెడతానని భయం. ఆమె ఆ తెర వైపు చూసింది.

“ఇది ఎవరెవరు చూస్తారండీ?”

“నేను తప్ప ఎవరూ చూడరమ్మా.”

మాస్టారు అబద్ధం ఆడలేదు. గమనిక గడి చదవొద్దని నలుగురికీ ఎప్పుడో చెప్పి ఉంచారు. చెప్పారు కాబట్టి చదవరు. ఆయనకు అంతే. నాకు మాత్రం తెలుసు. ఐదుగురు చూడగలరు. ఐదుగురు కాదు, ఆయన ఫోను నంబరు, బోర్డు మీద మాట తెలిసిన ఎవరైనా చూడగలరు. చేతిలో ప్రింటరు మూత పట్టుకుని నోరు తెరిచాను కూడా. తెరిచి, మూసేశాను. ఆయన ఇంట్లో, ఆయన దగ్గరకు వచ్చిన మనిషి ముందు, డెబ్భై ఏళ్ళ పెద్దాయన మాట తప్పని ఎలా అంటాం. ఆమె వెళ్ళాక విడిగా చెబుదామనుకున్నాను. ప్రతి చిన్నదానికీ అంతెత్తున లేచే నాకు ఆ రోజు ఆ మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఆమె వెళ్ళాక చెప్పాను, చెప్పకపోలేదు. కనీసం ఆ ఒక్క గడైనా మిగతావాళ్ళకు కనబడకుండా చేద్దామన్నాను. కానీ అందరూ ఒకే పేరుతో వస్తుంటే ఎవరికి చూపించాలి, ఎవరికి దాచాలి? కంప్యూటరుకు ఐదుగురూ ఒక్క మనిషే. “మాఘంలో పెట్టేసుకుందాంలేమ్మా, వాళ్ళు మనవాళ్ళే” అన్నారు. మాఘంలో పెళ్ళిళ్ళు ముంచెత్తాయి. ఫాల్గుణం కూడా అలాగే గడిచింది. చైత్రంలో ఆయనకు కంటి ఆపరేషన్ జరిగింది.

వైశాఖంలో ఒక శనివారం పొద్దున్న మాస్టారు నాకు ఫోను చేశారు. ఎప్పుడూ కుశలం అడగందే విషయంలోకి రాని మనిషి, “ఒకసారి రావాలమ్మా” అని మాత్రం అన్నారు.

వెళ్ళేసరికి ఆ నర్సు అమ్మాయి అదే కుర్చీలో కూర్చుని ఉంది. మండపేటలో కాలేజీలో పాఠాలు చెప్పే అబ్బాయితో రెండు నెలలుగా వీడియో కాల్‌లో మాట్లాడుతోందట. ఇద్దరికీ నచ్చింది. ఫోనులో చెప్పే సంగతి కాదని, ఎదురుగా చెప్పాలని, ఆర్నెల్లకే మళ్ళీ సెలవు అడిగి తెచ్చుకుంది. మర్నాడు ఆదివారం ఈ గదిలోనే కలుసుకోవాలి. శుక్రవారం సాయంత్రం అబ్బాయి తల్లి ఫోను చేసింది. మొదటి పెళ్ళి సంగతి తెలిసిందని, పెళ్ళయినందుకు తమకేం బాధ లేదని, దాచినందుకే బాధని, ఇక రావద్దని చెప్పింది. అబ్బాయి ఫోను తీయడం లేదు.

“దాచేనన్నారండి” అంది ఆమె. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంది.

అప్పటికే మాస్టారు నలుగురికీ ఫోను చేశారు. నలుగురూ నేను కాదండి అన్నారు. ఏ ఒక్కరిదీ అబద్ధం చెబుతున్న గొంతు కాదు. కొత్తపేట ఆవిడ మాత్రం పాపం అమ్మాయి అని బోలెడు జాలిపడి, తన కూతురి తోడికోడలు సంబంధాలు చూసుకుంటానంటే పాస్‌వర్డు ఇచ్చానని, ఆవిడ కూడా అలాంటి మనిషి కాదని చెప్పారట. తోడికోడలు ఇంకెవరికిచ్చిందో ఆవిడకు తెలియదు. కోడ్ మాత్రం మాస్టారే చదివి ఉంటారు. ఎవరికని అడిగితే ఆయనకు గుర్తులేదు. రోజుకు ఇరవైసార్లు చదువుతారాయె.

“ఎవరు చూసేరో మీకు తెలుస్తుంది కదండీ. కంప్యూటర్‌లో ఉంటుందటగా” అంది ఆమె నాతో.

లాగిన్ల చిట్టా తెరిచాను. ఆమె కుర్చీ నా పక్కకు జరుపుకుంది. ఒక్కో వరుసలో తేదీ, సమయం, వచ్చిన మనిషి పేరు ఉంటాయి. ఆమె పేజీ తెరిచిన వరుసలన్నీ విడదీశాను. నలభైకి పైనే ఉన్నాయి. మొదటి వరుసలో పేరు ఆఫీసు. రెండో వరుసలో ఆఫీసు. మూడో వరుసలో ఆఫీసు. ఆమె వేలు తెర మీద పెట్టి మెల్లిగా కిందికి జరుపుతూ పోయింది. చివరిదాకా అదే పేరు. పక్కన ఉన్న అంకెలేమిటని అడిగింది. అవి ఫోను ఇంటర్నెట్ నంబర్లు, రోజుకొకటి మారతాయి, వాటితో మనిషిని పట్టుకోలేమని చెప్పాను.

“అంటే ఎప్పటికీ తెలియదాండి?”

“తెలియదండి.”

ఆమె తెర మీద నుంచి వేలు తీసేసింది. తర్వాత నా వైపు తిరిగింది. అప్పుడు గుర్తుపట్టినట్టుంది.

“ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారండి. ప్రింటర్ బాగుచేస్తున్నారు. ఎవరెవరు చూస్తారని నేను అడిగినప్పుడు మీరు విన్నారండి.”

“విన్నానండి.”

“మీకు తెలుసాండి అప్పటికి?”

“తెలుసండి.”

“ఒక్క మాట అనుంటే నేను రాయించేదాన్ని కాదు కదండీ.”

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. నాకు సిగ్గేసింది. ఏడాదిగా నా మాట వినలేదని ఈ ఐదుగురి మీద, ఆషాఢం మీద, శూన్యమాసం మీద, విజయదశమి దండ మీద నేను పెంచుకున్న కోపమంతా ఆ ఒక్క ప్రశ్న ముందు ఎందుకూ పనికిరాకుండా పోయింది. వాళ్ళు తెలియక చేశారు. నాకు తెలుసు.

మాస్టారు లేచి నిలబడ్డారు. “ఇప్పుడే మార్చేయండమ్మా అన్నీ” అన్నారు. మూఢం నడుస్తోంది. శనివారం, పైగా రాహుకాలం. ఆయన క్యాలెండరు వైపు తల తిప్పలేదు. పాత పేరు తీసేశాను. ఐదుగురికీ ఐదు పేర్లు పెట్టి, నలుగురికీ ఫోను చేసి, ఎవరి కోడ్ వాళ్ళ ఫోనుకే వచ్చేలా చేశాను. ఒక్కరు కూడా కాదనలేదు. కళ్ళజోడు ఇంటి దగ్గరుందని కూడా ఎవరూ అనలేదు. గమనిక గడి మాస్టారికి తప్ప మధ్యవర్తులెవరికీ కనబడకుండా చేశాను. ఏడాది ఆగిన పని గంటలోపే అయిపోయింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది.

పని అయ్యేదాకా ఆమె కదలకుండా కూర్చుంది. అయ్యాక, కార్తీకంలో అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది.

“ఇప్పుడు ఎవరెవరు చూస్తారండీ?”

మాస్టారు నోరు తెరవబోయి నా వైపు చూశారు.

“మాస్టారు చూడగలరండి. ఈ కంప్యూటర్ చూసుకునేదాన్ని కాబట్టి నేనూ తెరవగలను. ఇంకెవరూ చూడలేరండి” అన్నాను.

“అయితే అది తీసేయండి.”

గమనిక గడి తెరిచాను. మాస్టారు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని రాసిన మూడు వాక్యాలు. ఆమె చూస్తుండగా చెరిపేశాను. మళ్ళీ ఒకసారి చూపించమంది, చూపించాను. ఊరందరికీ తెలిసిపోయిన సంగతి ఆ ఒక్క గడిలో మాత్రం లేకుండా పోయింది.